పేలని రంధ్రం

చీమకుర్తిలో రాత్రి పదయినా
పాలిషింగ్ యూనిట్ రంపం ఆగదు.
ఆ మోత మీదే, పైగదిలో చదివాం.
కింద రాయి పలకలు పలకలుగా తెగుతుంటే
పైన మేం గనుల చట్టాన్ని
ఒక్కో రూలుగా విరిచి
మంచినీళ్ళతో మింగాం.

ఫోర్‌మన్ సర్టిఫికెట్టు కోసం నలుగురం.
కంప్రెసర్ పక్కన పదేళ్ళు నిలబడి
ఒక చెవి పోగొట్టుకున్న ఖాజావలి.
డంపర్ల లెక్క రాసే యేసుపాదం.
సర్వేలో చేరి ఏడాదైనా కాని సుగుణ,
మా అందరికన్నా చిన్నది,
మా అందరి లెక్కలూ దిద్దేది.
నేను. మూడోసారి.

మూడోసారంటే ఏమిటో ఇంట్లో అడగాలి.
బావమరిది నవ్వుతూ సామెత విసిరాడు:
కూట్లో రాయి తియ్యలేనోడు
ఏట్లో రాయి తీస్తాడా అని.
గుట్టలో రాయి తీసేవాణ్ణిరా నేను,
అనాలని మర్నాడు మధ్యాహ్నం తట్టింది.
నా జవాబులన్నీ అంతే.
మర్నాటికి వస్తాయి.

రాతపరీక్ష గట్టెక్కా, రెండుసార్లూ.
మునిగింది ఓరల్లో.
నెల్లూరు. చల్లటి గది. బల్లకవతల ముగ్గురు.
మందు పేలకపోతే ఏం చేస్తావని
ఇంగ్లీషులో అడిగారు.

పేలని మందు నాకు తెలుసు.
రామతీర్థం వైపు క్వారీలో ఓ ఎండాకాలం
పన్నెండు రంధ్రాలకి పదకొండు మోతలు లెక్కపెట్టి,
దుమ్ములోకి దిగబోతున్న కుర్రాణ్ణి
చొక్కా పట్టి వెనక్కి లాగింది ఈ చెయ్యే.
చెయ్యికి గుర్తుంది. నాలిక్కి లేదు.
"సార్..." అన్నా.
అక్కడే ఉండిపోయా.

ఖాజావలి అదేరోజు పాసయ్యాడు.
ఒంగోల్లో మాకందరికీ బిర్యానీ పెట్టించాడు.
మర్నాడు పదింటికి మళ్ళీ పైగదికొచ్చాడు.
"నీకింకేం పనబ్బా ఇక్కడ?"
"నీకు ఎగ్జామినర్ వద్దా?"

అంచు విరిగి ఓడెక్కని గెలాక్సీ పలకొకటి
మోసుకొచ్చి రెండు పెయింటు డబ్బాల మీద పరిచాడు.
వాళ్ళ నాయన కళ్ళద్దాలు పెట్టుకుని
ఆ నల్లబల్ల వెనక కూచున్నాడు.
చెరోపక్క సుగుణ, యేసుపాదం.
"బయటికి పో. తలుపు తట్టి రా."

మొదటి రాత్రి నలుగురం పడీపడీ నవ్వాం.
అయిదో రాత్రికి నోరు నిజంగానే ఎండింది.
నడమ యేసుపాదం రెండువారాలు రాలేదు.
పాపకి డెంగీ.
సుగుణ రోజుకో రూలు చదివి
ఫోనుకి పంపేది, ఒక్కటంటే ఒక్కటే.
ఆసుపత్రి వరండాలో చెవిలో పెట్టుకుని విన్నాడంట.
తిరిగొచ్చాక చూస్తే
మా ఇద్దరికన్నా వాడికే ఎక్కువ వచ్చు.

నేను మాత్రం సార్ దగ్గరే ఆగుతున్నా.

ఓ రాత్రి సుగుణ పుస్తకం మూసేసింది.
"ఆ కుర్రాడి పేరేందన్నా?"
"పోతురాజు."
"మాకొద్దు. పోతురాజుకి చెప్పు."

ఆగరా, అన్నా.
లెక్క తప్పింది. పన్నెండుకి పదకొండే మోగినయ్.
టైమయిందాకా ఎవుడూ కదలొద్దు.
పేలనిదాన్ని కెలకొద్దు.
గుచ్చి బయటికి తియ్యాలని చూడొద్దు.
అడుగు దూరం జరిగి
దాని పక్కనే, దానికి సమాంతరంగా
కొత్త రంధ్రం వెయ్యాల.

కింద రంపం ఆగిందో
నాకే వినపడలేదో.
ఖాజావలి అద్దాలు తీసి
చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు.
"ఇప్పుడిదే ఇంగ్లీషులో చెప్పు," అన్నాడు.

ఈ పొద్దు తెల్లారకముందే బస్సెక్కాం.
ఒక రోజు కూలి పోగొట్టుకుని ముగ్గురూ వచ్చారు.
సింగరాయకొండ దాటాక టీ తాగాం.
ఎవరూ ఒక్క ప్రశ్నా అడగలేదు.
కావలి వచ్చేసరికి
సుగుణ నిద్రపోయింది, పుస్తకం మీదే.

నెల్లూరు. అదే వరండా. అదే పచ్చరంగు తలుపు.
మాలకొండయ్య అనే పేరుని
మలకండయ్య అని పిలిచారు.
లేచా.
లోపల ఏమవుతుందో తెలీదు గానీ
తలుపు తట్టడం మాత్రం
నలభై రాత్రులు నేర్చుకున్నా.