నూటికి ఐదు

సురామీ దగ్గర బస్సు ఆగితే
అందరూ దిగి దాల్చినచెక్క వాసనేసే రొట్టెలు కొన్నారు.
నేను దిగలేదు.
నా ఒళ్లో పెట్టె. పెట్టెలో పెన్సిల్ మొనంత గది.
ఆ గదిలో చిటికెడు గాలి.
నా ఉద్యోగమంతా ఆ గాలే.

ఏడు ఆసుపత్రులు, తొమ్మిది యంత్రాలు, ఏడాదికొకసారి.
"తనిఖీ ఎలిసో వచ్చింది" అని కాఫీ ఇస్తారు
చక్కెర ఎక్కువ వేసి.

కొండ ఊరి ఆసుపత్రి. నేలమాళిగ.
బకెట్లతో నీళ్లు మోసి తొట్టి నింపాడు రాటి.
వాడికి ఇరవై ఆరు, ఈ యంత్రం బాగోగులన్నీ వాడివే.
తొట్టిలో మనిషి లేడు, మనిషి లోతు మాత్రం ఉంది.
పది సెంటీమీటర్ల కింద నా చిటికెడు గాలి.
తలుపు మూశాం.
ఎవరూ లేని గదిలో యంత్రం
తన పని తాను చేసుకుపోయింది, శ్రద్ధగా.

అంకె చూశాను. మళ్లీ కొలిచాను.
థర్మామీటరు మార్చాను, తీగ మార్చాను,
నన్ను నేను అనుమానించుకుని మూడోసారి కొలిచాను.
నూరు ఉండాల్సిన చోట నూట ఐదు.

"గాలి ఒత్తిడి ఎక్కడ చూశావు?"
"ఫోన్లో. విమానాశ్రయం వాళ్లు ఇచ్చేది.
మన బారోమీటరు ఫిబ్రవరిలో కింద పడింది."

వాళ్లిచ్చేది సముద్రమట్టానికి సరిచేసిన లెక్క.
విమానాలకు అది చాలు.
ఇక్కడ సముద్రం లేదు, రాటీ.
ఇక్కడ గాలి పలచన, పలచని గాలి తక్కువ చెబుతుంది,
తగ్గిందనుకుని నువ్వు పెంచావు.
గోరంత తప్పు కొండంతయిందని అనను.
కొండే గోరంత తప్పై కూర్చుంది
నీ పట్టికలో, నాలుగో గడిలో.

వాడేమీ అనలేదు.
చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అప్పుడు ఝుఝునా,
ముప్పై ఏళ్లుగా రోగుల్ని ఆ బల్ల మీద పడుకోబెట్టే ఆవిడ,
సొరుగులోంచి గళ్ల నోటుబుక్కు తీసింది.
మార్చి తొమ్మిది. మాక్వలా, మెడ. రెండో వారానికే కమిలింది.
మార్చి ఇరవై. రైలు డ్రైవరు. నోరు పూసింది, మింగలేడు.
ఏప్రిల్. ఈ వసంతం ఒళ్లు కాలుస్తోందేమిటి?

"ఎవరికైనా చెప్పావా?"
"ఎవరైనా అడిగారా?"

ఆ రాత్రి డాక్టరును నిద్రలేపి
ముప్పై ఒక్క పేర్లు రాశాం.
కొందరికి మిగిలిన రోజుల్లోంచి కోసేయొచ్చు.
పదకొండు మందికి వైద్యం అయిపోయింది.
ఆ పదకొండు పేర్లూ రాటీయే రాశాడు,
పెన్ను నాకివ్వలేదు.

తెల్లవారుజామున నూరు, దశాంశం తర్వాత ఒకటి.
ఆ ఒకటిని అలాగే వదిలేశాం.

నా బారోమీటరు వాళ్ల గోడ మేకుకు తగిలించాను.
స్టోర్సు వాళ్లు రశీదు మీద సంతకం పెట్టమన్నారు, పెట్టాను.
తర్వాతి ఆసుపత్రికి ఫోన్ చేయాలి.
మీది పనిచేస్తోందా? అసలు ఉందా?
ఒత్తిడి ఎక్కడ చూస్తారు మీరు?

కనుమ దిగుతుంటే చెవులు దిబ్బడ వేశాయి.
గుటక వేశాను, విడిపోయాయి.
ఏ ఫోనూ చూడకుండా
ఈ ఒంటికి ఎప్పట్నుంచో తెలుసు.

సురామీలో ఈసారి దిగాను.
రొట్టె వేడిగా ఉంది.
ఒళ్లో పెట్టె మీదే పెట్టుకున్నాను, ఇంకా తుంచలేదు.