ఐదు పాయింట్ రెండు

మూడో సెమిస్టర్‌లో ఏది తీసెయ్యాలన్న దగ్గర
మీటింగు ఆగింది.
సమోసాలు చల్లారాయి.
లెక్కలు తగ్గిద్దాం, కంపెనీలు అడగట్లేదు అన్నారొకరు.
పోయినేడు పెట్టిన భాష ఈ ఏటికి పాతబడింది,
కొత్తది దించుదాం అన్నారింకొకరు.
మినిట్స్ రాసే పని నాది.
కలం నెల్లూరులో ఉంది,
నేను మైపాడు దారిలో రొయ్యల గుంట గట్టున ఉన్నాను.

మా హజీరా ఫైనలియర్ ప్రాజెక్టు అది.
నీళ్ళలో ప్రాణవాయువు కొలిచే సెన్సరు,
మూడుకి పడితే ఫోను మోగాలి.
డెమో రోజు బకెట్లో చక్కగా మోగింది.
తొంభై ఆరు మార్కులు వేసింది నేనే.

ఆ రాత్రి మబ్బు, ఉక్క, కరెంటు లేదు.
ఫోన్లో ఐదు పాయింట్ రెండు.
అంకె బాగుంది కదాని డీజిలు మిగిల్చారు.
పదింటికి ఐదు పాయింట్ రెండు.
ఒంటిగంటకీ, రెండున్నరకీ
ఐదు పాయింట్ రెండే.
రాత్రంతా కదలకుండా కూర్చున్న అంకె
నీళ్ళదెలా అవుతుంది?
ఆ మాట మేం ఏ యూనిట్లోనూ చెప్పలేదు.

కాపలా పోలయ్య టార్చి వేశాడు.
గట్టెమ్మట ఎర్రటి చుక్కలు, వేలకి వేలు.
రొయ్యల కళ్ళు.
"మిషను బాగుండాదంటా ఉందే,
మరి ఇయ్యెందుకబ్బయ్యా ఒడ్డుకొచ్చినయ్?"
అడుగుతూనే ఇంజను తిప్పాడు.
జవాబు కోసం ఆగలేదు.

సగం గుంట దక్కింది.
తెల్లారి సెన్సరు పైకి తీస్తే
పైన నాచు, నాచు కింద బురద,
బురద కింద నిన్నటి సాయంత్రం.

హజీరా ఏడవలేదు. ల్యాప్‌టాప్ తెరిచి
వరస వరసా చూపించింది.
"ఒక్క తప్పూ లేదు సార్."
నిజంగానే లేదు.
అప్పుడే నాకు భయమేసింది.

"మీరేమంటారు?" ఛైర్మన్ గారు నావైపు తిరిగారు.
భాష ఏదైనా పెట్టండి, అన్నాను,
అది ఎలాగూ పోతుంది.
లెక్కలు మాత్రం ముట్టుకోకండి.
మొదటి సెమిస్టర్‌లో ఒకే ఒక్క ప్రశ్న పెట్టండి:
తెర చెప్పేది అబద్ధమైతే, నీకెలా తెలుస్తుంది?

"క్రెడిట్లెన్ని? పరీక్ష ఎప్పుడు?"

రాత్రి రెండున్నరకి, అన్నాను.
నవ్వారు.
మినిట్స్‌లో నవ్వులు రాయకూడదు.
రెండున్నర అని రాశాను.