నీటి పరీక్ష

పేపరు మిల్లు నుంచి రోలరు వెనక్కొచ్చింది.
లారీలో, టార్పాలిన్ కింద, ఆరడుగుల ఇనుము.
మేం తొడిగిన రబ్బరు ఒక కొస నుంచి ఊడి
అరటితొక్కలా వేలాడుతోంది.

దైతారి సాహు అంచు ఎత్తి లోపల చూశాడు.
బూడిదరంగు చెక్కుచెదరలేదు.
ఒక్క నల్ల పిసరైనా అంటలేదు.
"రబ్బరు చిరిగుంటే తప్పు రబ్బరుది," అన్నాడు,
"ఇలా చేతులు దులుపుకుని బయటకొచ్చిందంటే మనదే."

అప్పటికి నాకు ఆ షెడ్డులో ఎనిమిది నెలలు.
పార్వతీపురంలో పొద్దున్న రైలెక్కి రాయగడలో దిగేవాణ్ణి.
నాకు తెలిసిన రసాయనం ఒక్కటే:
మా పిన్ని ఇత్తడి చెంబుకి రాసే చింతపండు.

ఇక్కడ పని అంతకన్నా పొడుగు.
ముందు జిడ్డు వదిలించాలి.
ఉక్కు రవ్వ గాలితో కొట్టాలి,
నున్నటి ఒళ్ళంతా పిల్లి నాలికలా గరుకెక్కేదాకా.
అప్పుడు మగ్గుతో నీళ్ళు పోసి చూడాలి.
చేమాకు మీదలా బొట్లు కట్టి జారితే
ఎవరి జిడ్డో ఇంకా ఉన్నట్టే.
తడిగుడ్డ కప్పినట్టు ఎక్కడా తెగకుండా పరుచుకుని
ముప్ఫై లెక్కపెట్టేదాకా నిలవాలి.
దైతారి ఒడియాలో లెక్కపెడతాడు, నేను తెలుగులో.
ఎప్పుడూ నేనే ముందు చేరతాను.
"దొంగ లెక్క," అంటాడు.

తరవాత ఫాస్ఫేటు.
గొలుసుకప్పీకి వేలాడే రోలరు మీద
జమునా హికాకా వేడి ద్రావణం పోస్తుంది,
ముక్కుకి తడిగుడ్డ, చేతులకి మోచేతి దాకా తొడుగులు.
పుల్లటి ఆవిరి. కళ్ళలో మంట.
కాసేపటికి ఇనుము విబూది పూసుకున్న జంగం.
ఆ బూడిదే దానికి పళ్ళు.
కంటికందని స్ఫటికాల సందుల్లోకి ప్రైమరు దిగుతుంది,
ప్రైమరు మీద జిగురు, జిగురు మీద రబ్బరు,
ఆవిరి పీపాలో నాలుగు గంటలు ఉడికి
ఇక ఎవరు ఎవరో విడదియ్యలేనట్టు.
"హాతొ దే నాహిఁ!"
ఈ షెడ్డులో నేను నేర్చిన మొదటి ఒడియా మాట అదే.
చెయ్యి పెట్టకు.

ఊడిన కొస దగ్గర, బూడిదరంగులో,
నాలుగు వేళ్ళు, ఒక అరచెయ్యి.
తుప్పుతో వేసిన ముద్ర.
దైతారి ఎవరిదని అడగలేదు.
నా గుప్పిట దానంతటదే మూసుకుంది.

శ్రావణమాసం. నీటి పరీక్ష అయిపోయింది, ఫాస్ఫేటూ అయిపోయింది.
గొలుసు ఒక కన్ను జారింది.
రోలరు ఊగింది, నెమ్మదిగా, గుడిగంటకన్నా నెమ్మదిగా,
వంగి గొట్టం చుడుతున్న జమున తల వైపు.
చెయ్యి అడ్డం పెట్టాను. ఆగింది.
స్టేషను బజ్జీ నూనె ఇంకా వేళ్ళకుంది.
ఎవరూ చూడలేదనుకున్నాను.

"నాది," అన్నాను.
గొలుసు సంగతి చెప్పలేదు. చెబితే సాకులా ఉంటుంది.
జమునే చెప్పింది, కువి కలిసిన ఒడియాలో, గబగబా,
తన నెత్తి మీద తానే తట్టుకుంటూ.
దైతారి చాలాసేపు ఆ తుప్పు చేతిని చూశాడు.
"డబ్బులు రావు," అన్నాడు. ఇంకొంచెం ఆగి,
"గొలుసు మార్పించాలి."

మళ్ళీ మొదటి నుంచి.
మూడు రోజులు రబ్బరు కోశాం, గీకాం.
నా ముద్ర ఉక్కు రవ్వ కింద ఒక్క నిమిషంలో పోయింది,
అంత తేలిగ్గా పోతుందనుకోలేదు.
జమున తన పాత తొడుగులు సబ్బుతో ఉతికి ఇచ్చింది.
నాకు బిగుతు. వేసుకున్నాను.

రోలరుతోపాటే ఉడికిన చిన్న పలక ఒకటుంటుంది, పరీక్ష కోసం.
రబ్బరు కొస పట్టకారుతో పట్టి
దైతారి, నేను చెరోవైపు లాగాం.
కాళ్ళు నేలకి తన్నిపెట్టి లాగాం.

చిరిగింది!

కలిసినచోట కాదు, రబ్బరు మధ్యలో.
ఇనుము మీద నల్లగా, మందంగా సగం మిగిలిపోయింది.
ముసలాడు వెనక్కి పడ్డాడు,
చిరిగిన ముక్క చేతిలో ఊపుతూ, పడ్డచోటే నవ్వుతూ.