పాత బేరింగు

కుతైసిలో బళ్ళు బాగుచేసే ఆ వీధి పొడవునా
నా కారు కంటే ముందు నా చెప్పుల్ని చూశారు.
ఆడమనిషి, ఒంటరిగా వచ్చింది, పాత ఒపెల్.
బిల్లు అక్కడే మొదలైపోయింది వాళ్ళ మనసులో.

ముందు బంపరు లేదు, నిజమే.
నాలుగేళ్ళ కిందట రియోని వంతెన మీద ఊడిపోయింది.
ఇప్పటి జబ్బు అది కాదు.
అరవై దాటితే ఎడమవైపు నుంచి ఒక మూలుగు.
నేను పియానోలకు శ్రుతి చేసే మనిషిని,
కింది గాంధారానికి వెంట్రుకవాసి తక్కువని
కచ్చితంగా చెప్పగలను.
చెప్తే మొదటివాడు నవ్వాడు.

అతని పేరు జుంబెర్. బానెట్ ఎత్తకుండానే
గేర్‌బాక్సు మొత్తం పోయిందన్నాడు.
కాఫీ తెప్పించాడు. అక్కా అన్నాడు.
అంత చక్కెర వేసిన కాఫీని సగంలో వదిలేసి వచ్చాను.

రెండో షెడ్డులో కుర్రాళ్ళు చురుకైనవాళ్ళే.
"వదిలేసి వెళ్ళండి, రేపు సాయంత్రం రండి."
పోయినేడు మా చెల్లెలు షోరెనా అలాగే రేపు సాయంత్రం వెళ్ళింది.
బ్రేకులు బాగయ్యాయి,
కింద పొగగొట్టానికుండే ఖరీదైన డబ్బా మాత్రం మాయం.
నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు.

వీధి చివర, టైర్ల గుట్ట వెనక, ఎల్గూజా.
బోర్డు లేదు, పలకరింపూ లేదు.
సిగరెట్టు ఆర్పి పక్క సీట్లో కూర్చుని
"పోనివ్వండి" అన్నాడు.
మార్కెట్ దాటాం, రైలు గేటు దాటాం.
రేడియో కట్టేశాడు. కళ్ళు మూసుకున్నాడు.
తీగ మీటి వినేటప్పుడు
నా ముఖం ఇలాగే ఉంటుందని
మా అబ్బాయి వెక్కిరిస్తుంటాడు.

"ఏమిటంటారు?"
"ఇంకా తెలీదు. చక్రం విప్పాలి."

తెలీదు.
పొద్దుటినుంచి ఆ వీధిలో ఎవరూ వాడని మాట.
ఆ ఒక్క మాట మీద తాళంచెవి అతని చేతిలో పెట్టాను.

బేరింగు. సామానుకీ చేతికీ కలిపి
నేనొక పియానో బాగుచేస్తే వచ్చేంత.
పాతదాన్ని పేపర్లో చుట్టి ఇచ్చాడు.
"నాకెందుకిది?"
"మార్చానని మీకెలా తెలుస్తుంది మరి?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

త్స్కాల్తుబోలో ఒక సంగీతం బడి. పదకొండేళ్ళ కిందటి శీతాకాలం.
మూడు తీగలు మార్చానని రాసి
రెండే మార్చాను.
మూడోదాన్ని తుడిచాను. బాగానే మెరిసింది.
లమారా టీచరమ్మ కళ్ళద్దాలు సరిచేసుకుని
"మీ చెవి మీద మాకు నమ్మకం" అంటూ సంతకం పెట్టింది.
పాత తీగలేవని అడగలేదు.
ఎవరూ అడగరు.

ఇంటికెళ్తూ అరవై దాటించాను. డెబ్భై. చప్పుడు లేదు.
పేపర్లో చుట్టిన ఇనుము మాత్రం
మలుపు మలుపుకీ డాష్‌బోర్డు అరలో దొర్లుతోంది.
త్స్కాల్తుబో వైపు తిరిగే చోట
ఇండికేటర్ వేశాను.
వేసి, వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నా,
అది టిక్కు టిక్కుమంటుంటే
వింటూ కూర్చున్నాను.