నవరాత్రి సారు

కొల్లాపూర్ అవతల, సొరంగం నోటికాడ
పంపుల మోటర్లు బిగియ్యనీకె
చెక్ దేశం నుంచి ఒక ఇంజనీరొచ్చిండు.
టోపీ మీద పేరు నవ్రాతిల్.
మా మస్టర్ల అది నవరాత్రి అయింది.
"నవరాత్రి సారు, తొమ్మిదింటికి హాజరు"
అని రాసింది నేనే.

చాయ్ తాగేటప్పుడు అడిగిన,
సారూ, మీ ఇంటిపేరుకు అర్థమేంది?
దుబాసీ పిలగాడు కొంచెంసేపు గొణిగి
"తిరిగొచ్చిండు" అన్నడు.
ఎవరు?
"ఎవరూ కాదక్కా, పేరే అది. తిరిగొచ్చిండు."

నవ్వాగలే మాకు.
ఇంటిపేరంటే ఊరుంటది, చెట్టుంటది, గొడ్డుంటది.
మా మేస్త్రి కుండల లాలప్ప,
వాళ్లింట్ల కుండ చేసినోడు మూడు తరాల కింద సచ్చిండు,
అయినా అది పేరే.
గిట్ల పనిని పేరు పెడ్తరా?
బువ్వ తినలే కుర్మన్న! వాన పడలే చెన్నమ్మ!
సిమెంటు బస్తాల మీద పొద్దూకేదాక ఇదే ఆట.

సారు మటుకు నిమ్మళంగ చెప్పిండు.
ఎన్నడో ఒకడు ఊరిడిసి పోయిండట,
కైకిలికో, దండుకో, అప్పులోల్లకు జడిసో.
మళ్ల వచ్చిండట.
ఊరోల్లు ఆ ముచ్చటనే ఇంటికి తగిలిచ్చిండ్రు.
యాడికి పోయిండో పేర్ల లేదు.
ఏం తెచ్చిండో అదీ లేదు.
ఆడోల్లకు చివర 'ఓవా' అని తోకుంటదట,
ఆయన భార్య నవ్రాతిలోవా,
తిరిగొచ్చినోని ఆమె.

ఆ రాత్రి మస్టరు ముందలేసుకొని కూసున్న.
నూటముప్పై రెండు పేర్లు.
మా తాతది గూడ ఇసొంటి బుక్కులనే యాడనో ఉంటది,
భీమా కాడనో, బొంబాయి కాడనో.
అడ్వాన్సు పైసలు ధోతి మడతల దోపుకొని
దేవరకద్ర టేషన్ల రైలెక్కిండు.

పింఛన్లు రాసే సారు అవ్వనడిగిండట,
"సవారమ్మా, నీ మొగుడు పోయిండా?"
"ఆఁ, పోయిండు."
సచ్చిండని రాసుకున్నడు.
మా మాటల రెంటికీ ఒక్కటే సాలు.
అవ్వ కాయితం గుంజి చింపిందట,
నెలకు డెబ్బై అయిదు రూపాయలు గూడ దాంతోనే చినిగినయ్.
రేషన్ కార్డుల మేకల సవారమ్మ,
ఊరి నోట్ల ఆఖరిదాక
పోయినోని సవారమ్మ.

మోటరు తిరిగింది. నీళ్లు ఎర్రగ, బురదతోని ఎగదన్నినయ్.
సారు బండెక్కిండు.
"నవరాత్రి సారు పోయిండు" అని రాసి
పెన్ను ఎత్తలేకపోయిన.
కొట్టేసి, పక్కన ఇరికిచ్చి రాసిన,
తిరిగొచ్చిండు సారు
ఇంటికి బయలెల్లిండు.