పైబెర్తు, కిందిబెర్తు

జుబైల్‌లో మే నెల. రాత్రి రెండైనా
పైపులు పగటి వేడినే కక్కుతున్నాయి.
నాలుగు దిక్కులా పసుపు తాడు కట్టి
మూడు రేకుల గుర్తు తగిలించి
దూరంగా వచ్చి కూర్చున్నాం.
ఆ గుర్తును లింబాద్రి మోదుగాకు అంటాడు.
చీకట్లో మీటరు పేలాలు వేయిస్తోంది.

ఎల్లుండి వాడికి పరీక్ష.
పాసైతే ఇక హెల్పర్ కాదు,
నెలకు నాలుగు వందల రియాళ్లు ఎక్కువ.
సిమెంటు సంచి కాగితం మీద వాడు రాసింది
టార్చి వేసి చూశాను:
పైన డెబ్బై ఏడు, కింద నూట తొంభై రెండు,
పక్కన ఐ, ఆర్.

"తలకిందులు రాసినవ్ రా.
మన రూము మంచం అనుకో, ఎడమ గోడకున్నది.
కిందిబెర్తు మీద ప్రోటాన్లు.
ఒక్కటి తగ్గినా పెరిగినా పేరే మారిపోతది.
డెబ్బై ఏడంటే ఇరిడియమే,
దమ్మాంల ఉన్నా మెట్‌పల్లిల ఉన్నా.
పైబెర్తు మీద న్యూట్రాన్లు గూడ కలిపిన బరువు."

"మరి న్యూట్రాన్లు ఒక్కటే ఏడ రాయాలె?"

రాయం. పైదాంట్లోంచి కిందిది తీసెయ్.
వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు.
చెమటచుక్క పడి ఏడంకె అలుక్కుపోయింది.
నూట పదిహేను.
"వాటికి ఆవేశం ఉండదు, బరువుంటదంతే."
"నీ లెక్కనే" అన్నాడు.

మా క్యాంపులో ముగ్గురు నర్సయ్యలు.
అదే కంపెనీ, అదే నీలం డాంగ్రీ,
పిలిస్తే ముగ్గురూ తిరిగి చూస్తారు.
తూకం మెషీను మీదే వేరు.
ఇరిడియమూ అంతే:
నూట తొంభై ఒకటి కుదురుగా ఉంటుంది,
నూట తొంభై మూడూ కుదురే,
మధ్యలోదే నిద్రపట్టక వెలుగుతూ ఉంటుంది.
డెబ్బై నాలుగు రోజులకు సగం,
మరో డెబ్బై నాలుగుకు ఆ సగంలో సగం.
ఇవాళ్టితో సరి అనే తేదీ దానికి లేదు.

"సగమై ఏమైతది?"
లోపల ఒక న్యూట్రాను ప్రోటానవుతుంది.
పైఅంకె కదలదు. కింద డెబ్బై ఎనిమిది.
"అప్పుడది ప్లాటినం రా, చాలావరకు."
వాడు లేచి కూర్చున్నాడు.
"ఏరుకోవచ్చా?"
మిరియపు గింజంత కూడా లేదని,
డబ్బాతోనే కంపెనీవాళ్లకు వాపసు పోతుందని చెప్పాను.
నిజంగానే బాధపడ్డాడు.

టైమరు మోగింది.
హ్యాండిల్ తిప్పి దాన్ని గూట్లోకి లాక్కున్నాను.
మీటరు చూశాను. మళ్లీ చూశాను.
ఫిల్ము మీద అతుకు శుభ్రంగానే వచ్చింది,
ఒకచోట వెంట్రుకంత గీత తప్ప.

తెల్లారి బస్సులో, అద్దం మీది దుమ్ములో
వేలితో రాశాడు, ఈసారి సరిగ్గా.
దాని పక్కన ఎల్, ఐ. తన పేరట.
"అది లిథియం రా" అన్నాను.
"నా అక్షరాలు ఎవరికిచ్చిండ్రు?"
కాసేపు అలిగి, అడిగి,
కింద మూడు వేశాడు.
"పైన?"
"ఆరుంటది, ఏడుంటది. రెండూ లిథియమే."

ఏదీ తేల్చుకోలేదు.
క్యాంపు గేటు వచ్చేదాకా
పైబెర్తు ఖాళీగానే ఉంది.