రెండో నంబరు గది దర్వాజ

సోమశిల రేవులో ఇప్పుడు దీన్ని
హౌస్‌బోటు అంటున్నరు.
మా నాయన బతికున్నన్నాళ్లు
'ముసల్ది' అనే పిలిచిండు,
కొత్తగా రంగేసిన రోజు కూడా.

సిమెంటు బస్తాలు మోసిన మోటరు బార్జి.
బస్తాలు పడ్డ చోట తెల్లటి పరుపులు,
ఇసుక దిగిన చోట అద్దం, వేడినీళ్ల నల్లా.
ఇంజను మాత్రం అదే.
పెబ్బేరు ఖాజామియా ఏడాదికోసారి వచ్చి
చెవి ఆనించి వింటడు.
"గొంతు మంచిగనే ఉంది, దగ్గే తగ్గలే" అంటడు.

ఎంత వార్నిషు పూసినా
వాన పడ్డనాడు చెక్కల్లోంచి
డీజిలు, మేకలు, తడిసిన జొన్నలు
మూడూ కలిసి లేస్తయి.
నేను అగరుబత్తి ముట్టిస్తా.
వచ్చినోళ్లు దాన్నే మెచ్చుకుంటరు.

స్టీరింగు నాది.
లోతు చూపే మిషను పెట్టిచ్చిండు సేటు.
చూస్తా, మర్యాదకు.
నాకు తెలిసిన తొవ్వ వేరే.
కుడికి కొంచెం, అది కుమ్మరోళ్ల వాము.
ఇంకా కొంచెం, బడి గోడ.
ఇక్కడ నిమ్మళంగ పోవాలె,
కల్లు దుకాణం ముంగట ఎప్పుడూ
ఎవరో ఒకరు పండుకొని ఉంటరు.

నీళ్లొచ్చిన ఏడు
ఈ ముసల్దే మా ఊరిని మోసింది.
రోళ్లు, దూలాలు, గంపల కింద కోళ్లు,
ఎక్కనని మొండికేసి
ఎక్కినంక దిగనన్న కుర్మక్క.
మా వంతు ఆఖర్న.
జాగా చూపిస్తమన్నోళ్లు చూపియ్యలే,
మా దర్వాజ దిగలే.
దించి ఎక్కడ నిలబెడతం?
మూడేండ్లు పైన ఎండకు ఎండింది.
తర్వాత నాయన దాన్ని
ఇంజను గదికి బిగించిండు.

బాగుచేయించేటప్పుడు
పట్నం నుంచి వచ్చిన డిజైనరు పిల్ల
గోరుతో గీరి "అసలు టేకు" అన్నది.
అట్ల వచ్చింది రెండో నంబరు గదికి.

నిన్న పొద్దున ఒక పిల్లగాడు
నోట్లో బ్రష్షుతోనే అడిగిండు:
"ఆంటీ, ఈ గాట్లు ఏంటివి?"
పైది నాది, ఏడో ఏట.
దాని కింద మా తమ్ముడిది.
అన్నిటికన్న కిందిది మేకపిల్లది,
దానికీ కొలత పెట్టేదాక
వాడు బువ్వ తినలే.

పిల్లగాడు బ్రష్షు తీసి
వీపు ఆనించి నిటారుగ నిలబడ్డడు.
వంటింట్లోంచి కత్తి తెచ్చేసరికి
ఒడ్డున నీరుకాకుల గుంపు దిగిందని
వాళ్లమ్మ పిలిచింది, ఉరికిండు.

అందాజగ గీసిన.
సేటుకు చెప్పలే.